హనుమాయమ్మ పిన్ని కలిపిన పానకం

మా పక్కింటి హనుమాయమ్మ పిన్నికి నెమ్మదిగా మాట్లాడటం చేతకాదు. పుట్టిన దగ్గర్నుంచీ మిరప చేలల్లో మసిలిన మనిషి. కల్లంలో ఎండుమిరపకాయల రాశి ముందు తాలుకాయలు ఏరుతూ కూర్చుంటే పక్కనున్న మేమంతా తుమ్మి తుమ్మి చస్తాం. ఆవిడకు మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండదు. పైగా "మీవి పట్నం ముక్కులే" అని మమ్మల్నే ఎగతాళి చేస్తుంది.

అలాంటావిడ ఇంట్లో మనవరాలు భవ్యకు నాలుగో ఏడు వచ్చినా నోట మాట రాలేదు. పిల్ల చక్కగా వింటుంది, నవ్వుతుంది, కావలసినదాన్ని వేలు పెట్టి చూపిస్తుంది. గుంటూరులో డాక్టరుగారు చూసి, చెవులూ గొంతూ బాగానే ఉన్నాయి, కొందరికి ఆలస్యమవుతుందన్నారు. కోడలు జ్యోతిర్మయి ఆ మాట పట్టుకుని ధైర్యంగానే తిరిగేది. పిన్నికే నిలకడ లేదు. "ఇంకా మాటలు రాలేదా?" అని ఎవరైనా అడిగితే వాళ్ళ మీద విరుచుకుపడి, ఆ తర్వాత దొడ్లోకెళ్ళి కళ్ళొత్తుకునేది. అంత గయ్యాళి మనిషి అలా ఏడుస్తుంటే చూడలేక నేనే వెళ్ళి పక్కన కూర్చునేదాన్ని.

రెండువేల మూడులో మంగళగిరి తిరునాళ్ళకు పానకాలస్వామికి బిందెడు పానకం పోయించాలని పిన్ని మొక్కుకుంది.

"కోరిక తీరాక కదా పిన్నీ మొక్కు చెల్లించేది?" అన్నాను.

"ముందే ఇచ్చేస్తానే సౌజన్యా. పుచ్చుకున్నాక ఆయనకే మొహమాటంగా ఉంటుంది" అంది. దేవుడితో కూడా పిన్ని వ్యవహారం ఇలాగే ఉంటుంది.

కొండమీద అమ్మే పానకం పనికిరాదట, తన చేత్తో కలిపిందే పోయించాలట. అందుకని బెల్లం, మిరియాలూ యాలకులూ దంచిన పొడి, ఇత్తడి బిందె మోసుకుంటూ నలుగురం మెట్లెక్కాం. జరీ అంచు చీరలు కట్టిన సాలెవారి ఆడవాళ్ళూ, మా పల్లెల వాళ్ళూ కలిసి గోవిందలు కొడుతుంటే కొండంతా మారుమోగిపోతోంది. తల్లి చంకనెక్కిన భవ్య కనిపించిన ప్రతి బుడగనూ వేలెత్తి చూపిస్తోంది.

కుళాయి దగ్గర అడిగి తెచ్చుకున్న బకెట్లో పిన్ని బెల్లం కరిగించింది. చూస్తే నీళ్ళలో చెరుకు పీచు తేలుతోంది. వడగట్టే గుడ్డ తేవడం మరిచిపోయాం. పిన్ని ఏమాత్రం తడబడకుండా భుజం మీది తువ్వాలు తీసి బిందె మూతికి కట్టేసింది.

"అది కల్లంలో తలకు చుట్టుకునేది కదా అత్తయ్యా?" అంది జ్యోతిర్మయి.

"రెండుసార్లు ఉతికానమ్మా" అంది పిన్ని. బకెట్లో బెల్లం నీళ్ళు ఆ గుడ్డలోంచి బిందెలోకి వడపోసి, దంచిన పొడి కలిపేసింది.

లోపల పూజారిగారు శంఖంతో పానకం స్వామి నోట్లో పోయడం మొదలుపెట్టారు. గుటక వేస్తున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఎప్పుడూ జరిగేదే అయినా ఊపిరి బిగబట్టి విన్నాం. సగం బిందె అయ్యేసరికి చప్పుడు ఆగింది. మిగతా సగం ప్రసాదంగా మా చేతికిచ్చారు.

"తాగాడే! సగం తాగాడు!" అంటూ పిన్ని నన్ను కుదిపేసింది.

బయట మండపంలో తొలి గ్లాసు భవ్యకిచ్చింది. ఎండన పడి వచ్చిందేమో, పిల్ల గటగటా తాగేసింది. పిన్ని అటు తిరిగి నాకు పోస్తోంది.

"మంట!"

"మంటేంటే? మిరియాల ఘాటు. ఆమాత్రం లేకపోతే అది పానకమా, చక్కెర నీళ్ళా?" అంది పిన్ని, తల తిప్పకుండానే.

"మంట! నీళ్ళు!"

"ఇస్తా ఉండవే, కొంపలేం మునిగిపోయాయి..." అంటూ తిరిగిన పిన్ని అలాగే నిలబడిపోయింది. జ్యోతిర్మయి ఉన్నచోటే చతికిలబడింది. భవ్య ఎర్రబడ్డ మొహంతో, నాలుక బయటపెట్టి, మా ముగ్గురినీ కోపంగా చూస్తోంది.

నేనే పరిగెత్తి నీళ్ళు తెచ్చి తాగించాను. ఆ పానకం ఒక గుక్క నేనూ తాగి చూశాను. గొంతు భగ్గుమంది. మిరపకాయల దుమ్ము పట్టిన గుడ్డను రెండుసార్లు ఉతికితే మాత్రం పోతుందా!

"అయ్యయ్యో, స్వామి నోట్లో కారం పోయించానా!" పిన్ని లెంపలు వాయించుకుంటూ పూజారిగారి దగ్గరకు పరుగెత్తింది.

సంగతి విని ఆయన పకపకా నవ్వారు. "సగం తాగాడు కదమ్మా. నచ్చకపోతే ఊరుకునేవాడా?" అన్నారు.

పిన్ని తిరిగొచ్చి భవ్య ముందు కూర్చుంది. "ఇంకోసారి మాట్లాడవే బంగారుతల్లీ. ఏదో ఒకటి అనవే" అని గడ్డం పట్టుకుని బతిమాలింది.

భవ్య మూతి తుడుచుకుంది. బిందెలోకి తొంగిచూసింది. ఖాళీ గ్లాసు ముందుకు చాపి, "ఇంకా" అంది.

పిన్ని గట్టిగా ఏడుస్తూ, నవ్వుతూ ఆ గ్లాసు నింపబోయింది. కన్నీళ్ళలో గ్లాసు కనబడక పానకమంతా నా కొత్త చీర మీద పోసేసింది.