సర్వీసు లైను మీద గాజుల బేరం

1973 వానాకాలం మొదట్లో పాతబస్తీలోని ఒక టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ట్రంకు బోర్డు ఆపరేటరుగా నాకు మొదటి పోస్టింగు వచ్చింది. అప్పట్లో వేరే ఊరికి ఫోన్ చేయాలంటే ముందు మా దగ్గర కాల్ బుక్ చేసుకుని, మేము పిలిచేదాకా ఎదురుచూడాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు రకాల కాల్స్ ఉండేవి. లైట్నింగ్ అంటే అన్నిటికంటే ముందు కలిపేది, అందుకే దాని ధర కూడా మండిపోయేది. మేము చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, ఎదురుగా గోడంత బోర్డు మీద వెలిగే చిన్న చిన్న దీపాలను చూస్తూ, తీగలు గుచ్చి ఊళ్లను కలిపేవాళ్లం. మా మీద మానిటర్, ఆమె మీద సూపర్‌వైజర్, అందరి మీదా డివిజనల్ ఇంజనీరు.

ట్రైనింగులో మాకు ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. సబ్‌స్క్రైబర్‌తో, అంటే ఫోన్ ఉన్న ఖాతాదారుతో, అందులో ఉన్న ఇంగ్లీషు వాక్యాలు తప్ప మరొక్క మాట అనకూడదు. నంబర్ ప్లీజ్. హోల్డ్ ది లైన్ ప్లీజ్. సారీ, ఆల్ లైన్స్ ఆర్ బిజీ. అవతలివాళ్లు ఎన్ని మాటలన్నా ఆ సారీని అదే గొంతుతో మళ్లీ అనాలి. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేంతగా బట్టీ పట్టించారు.

నాతోపాటే చేరిన అమ్మాయి నసీమా. వాళ్ల నాన్న లాడ్ బజార్ వెనక సందులో లక్క గాజులు చేసేవారు. కొలిమి దగ్గర ఏళ్లతరబడి కూర్చుని ఆయన చూపు మందగించింది. తమ్ముళ్లు ఇంకా బడిలో ఉన్నారు. ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది. మాది మాదన్నపేట, కూరగాయల మార్కెట్ పక్కన. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. ఇద్దరం తెలుగు మీడియం బడిలో చదివి, ఎలాగో బీఏ గట్టెక్కినవాళ్లమే. వ్యాకరణం బాగానే వచ్చు. వాక్యంలో తప్పులు దిద్దమంటే దిద్దేస్తాం. నోరు విప్పమంటేనే చిక్కు.

ఒకరోజు బొంబాయి కాల్ కోసం లైనులో ఉన్న ఒకావిడ, స్టవ్ మీద పాలు పొంగిపోతున్నాయి, కాస్త ఉండమని ఇంగ్లీషులో నసీమాతో అంది. నసీమాకు పాలు అన్నదొక్కటే తెలిసింది. ఏం చెప్పాలో తోచక, సారీ, ఆల్ లైన్స్ ఆర్ బిజీ అంది. అవతలావిడ పగలబడి నవ్వింది. డ్యూటీ దిగాక నసీమా మెట్ల మీద కూర్చుండిపోయింది.

"రుతుపవనాల మీద మూడు పేజీల వ్యాసం రాస్త. పాలు పొంగుతున్నయంటే మాత్రం సమజ్ కాలె. గిదేం చదువు, సుశీలా?" అంది.

ఆ ప్రశ్నకు జవాబుగానే మా సాధన మొదలైంది. మానిటర్ పదవికి శాఖాపరమైన పరీక్ష ఉండేది. రాతపరీక్ష ఒక ఎత్తు, ఇంగ్లీషులో జరిగే ఇంటర్వ్యూ ఒక ఎత్తు. మా ఇళ్లలో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు లేరు. డబ్బు పెట్టి నేర్చుకునే స్తోమతు లేదు. ఉన్నదల్లా బోర్డు ఆ చివర నేను, ఈ చివర తను, మా మధ్య సర్వీసు లైను. ఒక సీటు నుంచి ఇంకో సీటుకు కాల్ అందించడానికి ఆపరేటర్లు తమలో తాము మాట్లాడుకునే లైను అది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ బజారు సగం మూతపడేది. బోర్డు మీద దీపాలు వెలగడం తగ్గేది. ఆ కాసేపట్లో మేము ఇంగ్లీషులో సంసారం చేసేవాళ్లం.

వారానికో చోటు అనుకునేవాళ్లం. ఒకరోజు మాదన్నపేట మార్కెట్, ఒకరోజు మలక్‌పేట బస్సు, ఒకరోజు దర్జీ కొట్టు. తెలుగు గానీ ఉర్దూ గానీ ఒక్క ముక్క దొర్లకూడదు. తెలియని మాట వస్తే చుట్టూ తిరిగైనా చెప్పాలి. దొర్లించినవాళ్లు క్యాంటీన్లో చాయ్ తాగించాలి. గరిటె, జల్లెడ, దండెం, జాకెట్టు కుట్టు విప్పడం, బేరమాడటం, చిల్లర లేదనడం, ఇలాంటివన్నీ అలా పోగేసుకున్నాం. ఒకసారి చేటకు మాట దొరక్క నసీమా, బియ్యాన్ని పైకి ఎగరేసి మళ్లీ పట్టుకునే వెదురు పళ్లెం అని చెప్పింది. నాకు నవ్వు ఆగక మానిటర్ చేత చీవాట్లు తిన్నాను. బేరాలు అయ్యాక తగాదాలకు వచ్చాం. కోపంలో ఉన్నప్పుడు కూడా క్రియలు కుదురుగా రావాలని నసీమా పట్టు. అక్కడే ఇద్దరం ఎక్కువ తడబడేవాళ్లం.

సర్వీసు లైను మీద సొంత కబుర్లు చెప్పకూడదని నియమం ఉన్న మాట నిజమే. అయితే టెస్ట్ మ్యాచ్ జరిగే రోజుల్లో అదే లైను మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా స్కోరు వినబడేది. సూపర్‌వైజర్ గారు స్వయంగా ఓవరు ఓవరుకూ ఇంజనీరు గారికి వినిపించేవారు. దాన్ని ఎవరూ సొంత కబుర్లు అనలేదు. ఈ సంగతి ఇప్పుడే చెప్పి ఉంచుతున్నాను, తర్వాత మళ్లీ కావాలి.

పక్క గదిలో అబ్జర్వేషన్ టేబుల్ ఉండేది. అక్కడ కూర్చున్నవాళ్లు ఏ ఆపరేటరు మాటలైనా ఆమెకు తెలియకుండా కొద్దిసేపు విని, మర్యాదగా మాట్లాడుతోందా లేదా రాసుకుని, ఇంకో సీటుకు పోతారు. ఆ శుక్రవారం మాది గాజుల దుకాణం. నసీమా కొనడానికి వచ్చిన ఇల్లాలు. నేను బొంగురు గొంతు పెట్టి దుకాణదారునయ్యాను. రాళ్లూడిన గాజులు అంటగట్టానని ఆమె నాతో తగాదా. గాజులవాళ్ల ఇంటి పిల్ల కదా, దుకాణదారుల కిటుకులన్నీ ఆమెకు తెలుసు, ఒక్కొక్కటీ బయటపెట్టి కడిగేస్తోంది. అరగంట నుంచి నిలబెట్టావని, చెప్పేవన్నీ అబద్ధాలని, తనను తెలివితక్కువదాన్ని అనుకుంటున్నావా అని ఇంగ్లీషులో నిలదీసింది. నేను నా బొంగురు గొంతుతో, అమ్మా, దయచేసి అరవకండి అన్నాను. అబ్జర్వేషన్ టేబుల్ మీది మనిషి చెవిన పడింది సరిగ్గా ఆ నాలుగు మాటలే.

సోమవారం నసీమాకు మెమో వచ్చింది. ఒక సబ్‌స్క్రైబర్ మీద అరిచిందనీ, అతను అరవవద్దని బతిమాలినా వినలేదనీ అందులో ఉంది. మా కొలువులో అంతకు మించిన నేరం లేదు. పైగా మేమింకా ప్రొబేషన్‌లో ఉన్నాం. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లను తీసేయాలంటే కారణం కూడా రాయనక్కర్లేదు. నసీమా మెమో మడిచి, "ఉద్యోగం పోతే ఇంట్ల పొయ్యి ఎట్ల ముట్టిస్తం?" అంది. ఆ బొంగురు గొంతు నాదేనని నేను సూపర్‌వైజర్ గారికి చెప్పాను. ఆయన నమ్మలేదు. ఆడపిల్లలు కబుర్లాడుకుంటే ఇంగ్లీషులో ఆడుకుంటారా అన్నారు.

విచారణ ఇంజనీరు గారి గదిలో జరిగింది. ఆయన, ఆయన పక్కన సూపర్‌వైజర్ గారు కూర్చున్నారు. మాకు కుర్చీలు చూపలేదు. ఇంజనీరు గారు నా మాటంతా విని, పేపర్‌వెయిట్ తిప్పుతూ అన్నారు: "మీకు తెలుగు లేదూ? ఉర్దూ లేదూ? ఇంగ్లీషులో గాజులు కొనుక్కోవడం ఏమిటమ్మా?"

"మానిటర్ ఇంటర్వ్యూ ఇంగ్లీషుల ఉంటది సార్. మా ఇండ్లల్ల మాట్లాడెటోళ్లు లేరు," అంది నసీమా.

"ఆపరేటరుకు కావలసిన ఇంగ్లీషంతా పుస్తకంలోనే ఉంది. అంతకు మించి నీకెందుకు?"

ఈ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన కొడుకుకు ఇంగ్లీషు సంభాషణ నేర్పడానికి వారానికి మూడుసార్లు ఇంటికి మాస్టారు వచ్చేవారని ఎక్స్ఛేంజీలో అందరికీ తెలుసు. ఆ అబ్బాయికి ఎందుకని ఎవరూ అడగలేదు. గాజులవాళ్ల అమ్మాయి, ఫిట్టరు కూతురు మాత్రం సారీ దగ్గరే ఆగిపోవాలి.

నిజమైతే ఇక్కడే చేసి చూపించమన్నారు ఇంజనీరు గారు. చేశాం. ఆఫీసరు బల్ల ముందు నిలబడి నేను బొంగురు గొంతు పెట్టాను. నసీమా మళ్లీ గాజులు కొనే ఇల్లాలైంది. రాళ్లూడిన గాజుల దగ్గర్నుంచి అరవకండి అనేదాకా మాట పొల్లుపోకుండా అప్పజెప్పాం. వాటిలో చివరి నాలుగూ అబ్జర్వేషన్ రిపోర్టులో రాసిన మాటలేనని సూపర్‌వైజర్ గారు కాగితం చూసి ఒప్పుకోక తప్పలేదు. విషయం అక్కడితో తేలిపోయింది. ఏ సబ్‌స్క్రైబరూ లేడు, ఎవరూ ఎవరినీ తిట్టలేదు. మమ్మల్ని పంపేయాలి.

పంపలేదు. ఇంజనీరు గారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. గంట కొట్టి అకౌంట్స్ ఆఫీసరును, స్టెనోను పిలిపించారు. "రండి, రండి, మన దగ్గర మంచి నాటకం ఉంది," అన్నారు. మా వైపు తిరిగి, "ఏదీ, మళ్లీ మొదటి నుంచి. నువ్వు ఆ మగగొంతు పెట్టమ్మా," అన్నారు. వచ్చినవాళ్లు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో చేసింది వాళ్లకు కాలక్షేపమైంది. నాకు చెవులు వేడెక్కాయి. అయినా నేను గొంతు సవరించుకుంటూనే ఉన్నాను.

నసీమా కదలలేదు. ఇంజనీరు గారి ముఖంలోకి చూస్తూ ఇంగ్లీషులో మాట్లాడింది. అవి పుస్తకంలోని వాక్యాలు కావు, గాజుల దుకాణంలోవీ కావు. సార్, మీరు అడిగారు కనుక ఒకసారి చేసి చూపించాం. అది సాధనేనని మీకు రుజువైంది. మళ్లీ చేయను. నా మీద వచ్చిన ఆరోపణ అబద్ధమని రాసివ్వండి. ఇంతే. గొంతు పెంచలేదు. ఎక్కడా తడబడలేదు. ఒక్క సారీ లేదు, ఒక్క ప్లీజ్ లేదు.

స్టెనో నవ్వు ఆపి తలుపు వైపు చూశాడు. ఇంజనీరు గారు ఇంగ్లీషులో జవాబివ్వలేదు. "ఇంత ఇంగ్లీషు వచ్చింది గానీ మర్యాద రాలేదే," అని తెలుగులో అని, పొమ్మన్నట్టు చెయ్యి ఊపారు.

వారం తిరక్కుండా ఉత్తర్వులు వచ్చాయి. సబ్‌స్క్రైబర్‌ను తిట్టిన ఆరోపణ రుజువు కాలేదని రాశారు. అబద్ధమని రాయలేదు. సర్వీసు లైను దుర్వినియోగం చేసినందుకు ఇద్దరికీ హెచ్చరిక. నసీమాకు అదనంగా ప్రొబేషన్ ఏడాది పొడిగింపు. ఉద్యోగం పోలేదు, కానీ సీనియారిటీలో మాతో చేరినవాళ్లందరి కంటే వెనక్కి పోయింది. ఒకే తప్పుకు ఇద్దరికీ రెండు రకాల శిక్షలేమిటని నేను సూపర్‌వైజర్ గారిని అడిగాను. "నువ్వు మర్యాదగా ఉన్నావు గదమ్మా," అన్నారు. ఆ మెప్పు నాకు చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది. టెస్ట్ మ్యాచ్ స్కోరు సంగతేమిటని కూడా అడిగాను. అది వేరు అన్నారు. ఎలా వేరో చెప్పలేదు. తర్వాతి మ్యాచ్‌కు స్కోరు మామూలుగానే వచ్చింది.

ఉత్తర్వులు వచ్చిన సాయంత్రం నసీమా ఇంటికి నేనూ వెళ్లాను. కూతురు చెప్పిందంతా విని వాళ్ల నాన్న ఒక్కటే అడిగారు, "నువ్వు ఏమన్న తప్పు మాట్లాడినవా బేటీ?" లేదంది. "మరి ఫికర్ నక్కో కర్," బెంగపడకు అని, మళ్లీ లక్క ముద్ద అందుకున్నారు. ఆ నెలలో నేను విన్న తీర్పులన్నిటిలోకీ న్యాయమైనది అదే.

సాధన మేము మానలేదు. డ్యూటీ దిగి చార్మినార్ దాకా నడుస్తూ పైకే మాట్లాడుకునేవాళ్లం. అక్కడ ప్లగ్గు గుచ్చి వినేవాళ్లు లేరు. గాజుల కొట్లవాళ్లు మమ్మల్ని వింతగా చూసేవారు, కొందరు ఇంగ్లీషులోనే రండి మేడమ్ అని పిలిచేవారు. మానిటర్ పరీక్షలో నసీమాకు నాకంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ ఏడాది పొడిగింపు వల్ల పదవి ముందు నాకు వచ్చింది. తర్వాతి ఖాళీ వచ్చేదాకా మూడేళ్లు ఆమె నా కింద పనిచేసింది. నేను ఆమె పక్కన నిలబడి ఆమె పనిని పర్యవేక్షించాలి. ఇంతకంటే తలకిందులైన వ్యవహారం నా ఉద్యోగంలో నేను చూడలేదు.

నేను సూపర్‌వైజరునయ్యాక కొత్త ఆపరేటర్ల ట్రైనింగు కొన్నేళ్లు నాకే అప్పజెప్పారు. అప్పటికీ అదే పుస్తకం. ఒకరోజు కూర్చుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. క్షమాపణ అడగడానికి, వేచి ఉండమనడానికి, కృతజ్ఞత చెప్పడానికి ఎన్ని రకాల వాక్యాలున్నాయో. చేయను అని చెప్పడానికి ఒక్కటీ లేదు.

ఆ తర్వాత ప్రతి బ్యాచ్‌కూ పుస్తకం తెరవకముందే ఒక పాఠం పెట్టేదాన్ని. ఒక్కో అమ్మాయీ లేచి, నా ముఖంలోకి చూస్తూ, ఇది నేను చేయను, కారణం ఇదీ అని ఇంగ్లీషులో చెప్పాలి. చాలామంది మొదట సారీతో మొదలుపెట్టేవారు. కూర్చోబెట్టి మళ్లీ చెప్పించేదాన్ని. ఒక భాష ఎంతవరకు వచ్చిందో కొలవడానికి నాకు తెలిసిన పద్ధతి ఇదొక్కటే.