అత్తమ్మ ఆది బురఖా

నా బిడ్డకు ఎయిర్‌పోర్టులో ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు నేను మిషను సూది విరగ్గొట్టుకున్నాను. సంతోషంతో అనుకునేరు! సంతోషపడే తీరిక నాకెవరిచ్చారు? ఉద్యోగం వెనకాలే రెండు షరతులొచ్చాయి. ఒకటి వాళ్లది, ఒకటి మా అత్తమ్మది. ఒకదానికొకటి పొసగవు. మధ్యలో నేనూ నా కత్తెరా.

నడవలేని ప్రయాణికులను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి విమానం దాకా తోసుకుపోవడం ఆ పని. నా బిడ్డ డిగ్రీ చదివింది, ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంది, ముసలివాళ్ల దగ్గర దానికి ఎక్కడలేని ఓపిక. ఇంటర్వ్యూలో అన్నీ బాగానే అయ్యాయట. చివర్లో అక్కడి పెద్ద మేడమ్ దాని బురఖా అంచు వైపు చూసి, "నీ బట్టల గురించి మాకేమీ అభ్యంతరం లేదమ్మా. కానీ వేలాడేదేదీ చక్రంలో పడకూడదు. ఏం వేసుకుని పనిచేస్తావో అది వేసుకుని సోమవారం రా. చూసి చెప్తాం" అన్నదట.

ఈ మాట చెప్పగానే మా అత్తమ్మ మంచం మీదనుంచి కదలకుండా తీర్పిచ్చేసింది. మా ఇంట్లో దువా ఉర్దూలో, కోపం తెలుగులో.

"పోనియ్. చదువుకున్న పిల్ల, నేనెందుకు వద్దంట? కానీ మన ఇంటి ఆడోళ్ల బురఖా ఎంత పొడుగుంటదో గంత ఉండాలె. వేలెడు తగ్గినా గడప దాటేది లేదు. విన్నవా దుల్హన్?"

పెళ్లై ఇన్నేళ్లయినా, నా జుట్టు సగం తెల్లబడినా, ఆమెకు నేనింకా కొత్త పెళ్లికూతుర్ని, దుల్హన్‌నే. మా ఆయనది గగన్‌పహాడ్‌లో ఫ్యాక్టరీ పని. ఇట్లాంటి సమయాల్లో ఆయన డ్యూటీ ఎప్పుడూ ముందే మొదలవుతుంది. "మీరు మీరు చూస్కోన్రి" అని టిఫిన్ డబ్బా తీసుకుని జారుకున్నాడు.

నాకెందుకంత ఆరాటమో చెప్తాను. పెళ్లైన కొత్తలో పక్క వీధి బడిలో చిన్న పిల్లలకు చదువు చెప్పడానికి నన్ను పిలిచారు. అత్తమ్మ వద్దంది. ముందు గదిలో ఈ మిషను పెట్టించింది. అన్యాయం చేసిందని అనను, ఈ దుకాణం నన్ను నిలబెట్టింది. 'డిజైన్ బురఖాలు' అని బోర్డు ఉంది. పెళ్లికూతుళ్లు ఫోన్లలో దుబాయి ఫోటోలు పట్టుకుని వస్తారు, చేతుల మీద ముత్యాల పని అడుగుతారు, గౌను లెక్క ఘేరా కావాలంటారు, నేను కుట్టి ఇస్తాను. కానీ నా మిషను పక్కన రెండో మిషను ఖాళీగా ఉంది. దాని మీద నా బిడ్డ కూర్చోవడం నాకు ఇష్టం లేదు. సచ్చినా ఇష్టం లేదు. సోమవారం వాళ్లు వద్దంటే అది వచ్చి కూర్చునేది అక్కడే.

అత్తమ్మ తన పాత బురఖా తెచ్చి నా ముందు పడేసింది. "ఇగో ఆది."

కుట్టుపని తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మా దగ్గర ఒంటి మీద టేపు పెట్టి కొలవడం తక్కువ. సరిగ్గా సరిపోయిన పాత బట్ట ఒకటి తెస్తారు, దాన్ని పరిచి సుద్దతో గీసుకుని కత్తిరిస్తాం. అదే ఆది. మా ఇంట్లో ఆడవాళ్లందరికీ పొడుగు అత్తమ్మ ఆదిదే. ఆడబిడ్డలకు అదే, నాకు అదే. నేల మీద నాలుగు వేళ్లు ఊడుస్తుంది. పాదాలు కనపడకూడదని పెట్టించుకుందేమో అనుకున్నాను. నడిచేటప్పుడు ఎడమచేత్తో ముందు కుచ్చు పైకెత్తి పట్టుకుంటాం. పెళ్లిళ్లలో మా నడక చూసి, 'ఎంత అదబ్‌గా మర్యాదగా నడుస్తరమ్మా మీ ఇంటోళ్లు' అని మెచ్చుకుంటారు కూడా.

చేత్తో కుచ్చు పట్టుకుంటే కుర్చీ ఎవరు తోస్తారు?

కందుకూరు పెళ్లివాళ్ల ఆర్డరు పక్కన పెట్టేశాను. వాళ్ల ఫోనొస్తే ఎత్తలేదు. మంచి నిదా బట్ట తీసి, అత్తమ్మ ఆది మీదే కత్తిరించి, నా తెలివంతా అందులో పెట్టాను. పని చేసేటప్పుడు అంచు పైకి మడిచి మోకాళ్ల కింద టిచ్ బటన్లతో బిగించుకోవచ్చు. ఇంటికి రాగానే విప్పితే మళ్లీ నేలదాకా దిగుతుంది. ఇటు మేడమ్ ఖుష్, అటు అత్తమ్మ ఖుష్. వాహ్‌రే నేను!

నా బిడ్డ చూసి తలకాయ పట్టుకుంది. "అమ్మీ! చుట్టూరా ఇనుప బటన్లా? లోపలికి పోయిన ప్రతిసారి ఆ చెకింగ్ దర్వాజా కూయ్యంటది. నన్ను రోజూ పక్కకు నిలబెట్టి తడుముతరు."

నాకేం తెలుసు? నా ఇంటి మీదుగా రోజంతా విమానాలు పోతుంటాయి, అవి పోయేదాకా మాట ఆపి మళ్లీ అందుకోవడం మాకందరికీ అలవాటు. కానీ ఆ అద్దాల తలుపు లోపలికి నేనెప్పుడూ అడుగు పెట్టలేదు. బటన్లన్నీ పీకి పారేశాను. వాటి బదులు గుడ్డ గుండీలు, దారం ఉచ్చులు కుట్టాను. కూర్చుంటే నిలబడాలనిపించింది, నిలబడితే మళ్లీ మిషను దగ్గరికి కాళ్లు లాగాయి. కుట్టడం, విప్పడం, మళ్లీ కుట్టడం. అన్నంలో ఉప్పు వేశానో లేదో కూడా గుర్తులేదు.

"కాలు గాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్. ఒక్క తాన కూసోరాదు?" అని అత్తమ్మ మందలించింది.

"నువ్వు కూసున్నవ్ కద అత్తమ్మా, సాలదా?" అన్నాను. అని నాలుక కరుచుకున్నాను.

ఆదివారం పొద్దున పరీక్ష పెట్టుకున్నాం. వెనకింటి అక్క వాళ్ల మామకు కాలు విరిగినప్పుడు చక్రాల కుర్చీ కొన్నారు, అది అడిగి తెచ్చాను. అక్క కూడా తమాషా చూడ్డానికి వచ్చి నిలబడింది. కుర్చీలో ఎవరు కూర్చోవాలి? మోకాళ్ల నొప్పులు అత్తమ్మకే. బతిమాలితే కూర్చుంది, గల్లీలో నలుగురూ చూస్తున్నారని ముఖం మాడ్చుకుని మరీ.

మొదటి చుట్టు బ్రహ్మాండంగా అయింది. రెండో చుట్టులో మోరీ దగ్గర గుంత వచ్చింది. పిల్ల బలంగా తోసింది. పటుక్కున ఉచ్చు తెగింది, మడిచిన అంచు జారింది, చక్రం దాన్ని మింగింది. కుర్చీ ఉన్నచోటే ఆగిపోయింది, పిల్ల మోకాళ్ల మీద పడింది. అత్తమ్మ ముందుకు జారిపోయేదే, వెనకింటి అక్క ఉరికొచ్చి పట్టుకుంది. "అయ్యో పెద్దమ్మా, పైలం!"

 పిల్ల అరచేతులు గీరుకుపోయాయి, ఏడుపు ఆపుకుంటోంది. రేపు ఆ మేడమ్ ముందు ఇట్లాగే పడితే? అంతమంది ప్రయాణికుల మధ్య ఎవరో ముసలామెను పడేస్తే? అయిపోయింది, ఇక రెండో మిషనే అనుకున్నాను.

అత్తమ్మ చక్రంలో ఇరుక్కున్న బట్టను చాలాసేపు చూసింది. తర్వాత, "కత్తెర తే దుల్హన్" అంది.

"ఎందుకత్తమ్మా?"

"కోసెయ్. పిల్లను నిలబెట్టి పిల్లకెంత కావాల్నో గంత పెట్టు. నా ఆది దానికెందుకు? అసలు అది నాది గాదు."

నాకు అర్థం కాలేదు. "నీది గాకపోతే ఎవలది?"

"మా అత్తది. నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు ఆమె ఆది మీద కుట్టిచ్చిన్రు. ఆమె నాకన్న జానెడు పొడుగు."

వెనకింటి అక్క నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ నేను మెట్ల మీద తట్టుకున్నది, బస్సు ఎక్కబోయి పడ్డది, వానాకాలమంతా బురద ఉతుక్కున్నది, ఏనాడో పోయిన ఒక పొడుగాటి మనిషి కోసమా? అదబ్ అట, అదబ్!

"ఆ ముక్క ముందే చెప్పొద్దా?" అని గల్లీలోనే అరిచాను.

"నన్ను ఎవలన్న అడిగిన్రా?" అంది అత్తమ్మ. కోపంగా కాదు, మామూలుగా అంది. "కొత్త కోడల్ని, అత్త ఆది పొడుగైందని ఎట్ల చెప్త? తర్వాత అలవాటైపోయింది. నువ్వైనా అడిగినవా?"

నేను లోపలికి పోయి కత్తెర తెచ్చాను.

మధ్యాహ్నం బిడ్డను పని బూట్లతో నిలబెట్టి, కుర్చీ పిడి మీద చేతులు పెట్టించి కొలిచాను. పిక్కల దాకా వదులైన కోటు, లోపల అదే బట్టతో మడమల దాకా పైజామా, ముంజేతుల దగ్గర ఎలాస్టిక్, పిన్నీసు అక్కర్లేకుండా తలకు పట్టుండే స్కార్ఫు. అత్తమ్మ పైజామా అంచు వేళ్లతో నలిపి చూసింది. "ఒళ్లు మొత్తం కప్పుతది కద? ఇగ లొల్లేంది?" అంది.

సోమవారం పొద్దున పిల్ల ఆటో ఎక్కింది. ఆ పూట నేను పడ్డ యాతన పగవాళ్లకు కూడా వద్దు. ఒక్క కుట్టు తిన్నగా పడలేదు. ఫోను చార్జింగులో పెట్టాను, తీశాను, పెట్టాను. విమానం పోతే మోతలో ఫోను వినపడదేమోనని విమానాన్ని కూడా తిట్టాను. అత్తమ్మ తస్బీ పూసలు తిప్పుతూ కళ్లు మూసుకుని కూర్చుంది, కానీ ఫోను మోగగానే నాకన్నా ముందు ఆమే, "ఎత్తు, ఎత్తు!" అని కేకేసింది.

"అమ్మీ, తీస్కున్నరు. ఇయ్యాల్నే పనిల దిగమన్నరు" అంది నా బిడ్డ. నేను మిషను మీద తల పెట్టుకుని ఏడ్చేశాను.

సాయంత్రం అది ఇంటికి రాగానే బూట్లైనా విప్పకముందే అత్తమ్మ అడిగింది. "గంత మంది మొగోళ్ల మధ్యన తిరిగినవ్. ఎవలన్న నిన్ను అదో తీరుగ చూసిన్రా?"

"నన్నెవరు చూస్తరు దాదీ? అందరు కుర్చీల కూసున్న ముసలామెనే చూసిన్రు. జరిగి జరిగి తొవ్వ ఇచ్చిన్రు."

 అత్తమ్మ గోడ పట్టుకుని మెల్లగా లేచి, ముందు గదిలో నా మిషను దగ్గరికి వచ్చి నిలబడింది. దుపట్టా సర్దుకుని, చేతులు రెండూ పక్కలకు చాపింది.

"నన్నూ కొలువు" అంది.

నా మెడలో వేలాడే టేపు తీశాను. ఇన్నేళ్లలో ఆమెకు ఎన్ని బురఖాలు కుట్టానో లెక్కలేదు, ఒంటి మీద టేపు పెట్టడం ఇదే మొదటిసారి. భుజం మీద పెట్టి కిందికి దించితే ఇట్టే మడమ తగిలింది. ఎంత చిన్న మనిషి! ఇన్నేళ్లు నన్ను వణికించిన ఈ మనిషి నా చెవి దాకా కూడా రాదు. నా కళ్లల్లో నీళ్లు తిరిగి టేపు మీద అంకెలు కనపడలేదు.

"పొడుగెంత పెట్టాలె అత్తమ్మా?" అని అడిగాను.

"నేనెంతున్ననో గంత" అంది.