ఆముదం తాగిన వ్యాను

మా ఆయన బీడీలు చుట్టే తునికాకు కాంట్రాక్టరు దగ్గర వ్యాను నడిపేవాడు. నా మాట విన్నా వినకపోయినా ఆ వ్యాను మాట మాత్రం తప్పకుండా వినేవాడు. పాత ఇంగ్లీషు బండి. కుదుపులు ఆపడానికి దాని చక్రాల దగ్గర ఇనుప డబ్బాల్లాంటివి ఉండేవి, షాకబ్జర్లు. కొండగట్టు పక్కన ఉన్న మా ఊరి నుంచి కరీంనగర్ దాకా దారి పొడుగునా గుంతలే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళయినా ఆ సంగతి మా రోడ్డుకు ఇంకా తెలియలేదు. అందుకని ఆ డబ్బాల గొప్ప చెప్పుకోవడానికి ఆయనకు రోజూ ఏదో ఒక సందర్భం దొరికేది.

"లోపల నూనె ఉంటది. నూనె పొయ్యే తొవ్వల చిన్న వాల్వు ఉంటది. బండి జర ఊగితే జరంత తెరుస్తది, గుంతల పడితే పెద్దగ తెరుస్తది. ఎవ్వలు చెప్పేది లేదు, దానంతట అదే. మస్తు తెలివిగల్లది," అనేవాడు. ఇంట్లో ఇంకెవరి గురించీ ఆయన ఆ మాట అనగా నేను వినలేదు.

నేను ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేదాన్ని. మా అత్త మాత్రం శ్రద్ధగా వినేది. అదే మా కొంప మీదికి తెచ్చింది.

అప్పటికే నాకు రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నిలబడ్డాక కరీంనగర్ పెద్ద దవాఖానలో డాక్టరమ్మ చూసి, ఎనిమిదో నెల దాటగానే వచ్చి అక్కడే ఉండమంది. దారిలో కుదుపులు తగలకుండా చూసుకోవాలని మరీ మరీ చెప్పింది. పాపం, ఆమె మా ఊరి వైపు ఎన్నడూ రాలేదు. నేను అందరితో నవ్వుతూనే ఉన్నాను గాని లోపల ఒకటే భయం. ఈసారి కూడా బిడ్డ దక్కకపోతే నేను తట్టుకోలేను.

ఆయన కరీంనగర్ నుంచి షాకబ్జర్లలో పోసే కొత్త నూనె డబ్బా తెచ్చి ఇంట్లో మూలన పెట్టాడు. "దీన్ని ఎవ్వలు ముట్టొద్దు. పొయ్యే రోజు పొద్దుగాల బండిల పోస్త. నిన్ను పువ్వుల్ల వెట్టి తీస్కపోత," అన్నాడు.

కడుపుతో ఉన్న కోడలి నడుముకు వెచ్చటి ఆముదం రాయడం మా ఇళ్ళలో అత్తల పని. మా అత్త ఆ పనికి ఒక్క సాయంత్రం కూడా ఎగనామం పెట్టలేదు. చలికాలం వచ్చాక ఒకనాడు నూనె పల్చగా అనిపించింది, వాసన కూడా వేరేగా ఉంది.

"ఇదేం నూనె అత్తా?" అని అడిగాను.

"మంచి నూనే. సప్పుడు చెయ్యక పండు."

ఆ వారం మా వాడకట్టులో ముసలమ్మల మోకాళ్ళన్నీ అదే వాసన వేశాయి. నా నడుము దురద పెట్టింది. అంతకు మించి నాకేమీ తట్టలేదు.

బయల్దేరే రోజు పొద్దున్నే వణికించే చలి. ఆయన షాకబ్జర్లలో నూనె పోశాడు. చిక్కగా ఉంటే చలికి గట్టిపడిందనుకున్నాడట. వ్యాను వెనక గడ్డి పరిచి, మీద బొంతలు వేసి నన్ను పడుకోబెట్టారు. పక్కన అత్త కూర్చుంది.

మొదటి గుంతకే ఎగిరి పడ్డాం. రెండో దానికి నా తల వ్యాను పక్కకు కట్టిన తడకకు కొట్టుకుంది. తెలివిగల వాల్వు ఆ రోజు అసలు నోరు తెరవలేదు. ఆయన బండి ఆపి కిందికి దూరాడు. కాసేపటికి వేలికి అంటిన నూనె వాసన చూసుకుంటూ వెనక్కి వచ్చాడు.

"అవ్వా, గిదేంది?"

అత్త ఆ వేలి వంక చూసి, "ఆముదం," అంది.

"మరి నేను తెచ్చిన నూనె?"

"కోడలి నడుముకు రాసిన. ఇనుము కుదుపే మింగే నూనె, మనిషి కుదుపు మింగదా? ఉత్తగ తీస్కోలే. ఎంత తీసిన్నో గంత ఆముదం డబ్బల పోసిన. ఇంట్ల కాసింది, కల్తీ లేదు."

నా నడుముకు రావలసిన ఆముదం బండికి పోయింది, బండికి పోవలసిన నూనె నా నడుముకు వచ్చింది. ఆయన తల పట్టుకున్నాడు. అప్పుడే నాకు పొత్తికడుపులో సన్నగా నొప్పి మొదలైంది. ఇద్దరికీ చెప్పాను.

"నువ్వు వోయి నడుపు," అని కొడుకుతో అంది అత్త. బొంతల మీద కాళ్ళు బారజాపి, నన్ను తన తొడల మీదికి లాక్కుని రెండు చేతులతో అదిమి పట్టుకుంది. అసలే మోకాళ్ళ నొప్పుల మనిషి. బండి ఎగిరినప్పుడల్లా ఆ దెబ్బ ముందు ఆమె ఎముకలకు తగిలి, మిగిలిందేదో నాకు చేరేది. ఆమె పళ్ళు పటపటమనడం నాకు వినిపిస్తూనే ఉంది. దించమని బతిమాలాను.

"సప్పుడు చెయ్యక పండు," అంది.

గంగాధర ఊరు దాటాక బండి దారికొచ్చింది. అంతసేపటి కుదుపులకు ఆముదం వేడెక్కి పల్చబడ్డదట. అంత మెత్తగా ఆ వ్యాను ఎన్నడూ నడవలేదని ఆయనే ఒప్పుకున్నాడు. నా నొప్పి కూడా తగ్గింది. "సూసినవా," అని మాత్రం అంది అత్త.

దవాఖాన ముందు నేను నా కాళ్ళ మీద దిగి నిలబడ్డాను. అత్త లేవలేకపోయింది. నా కోసం తెచ్చిన స్ట్రెచర్ మీద ఆమెను పడుకోబెట్టి లోపలికి మోసుకుపోయారు. కొన్నాళ్ళకు అక్కడే నాకు ఆడపిల్ల పుట్టింది, నిండుగా ఏడ్చింది.

బండి నూనె మహిమ వల్లే మనవరాలు దక్కిందని అత్త ఊరంతా చెప్పుకుంది. మా ఆయన ఎవరితోనూ వాదించలేదు. ఆ తర్వాత నూనె తెచ్చినప్పుడల్లా ముందు తల్లి గిన్నె నింపి, మిగిలింది బండికి పోసేవాడు. సాయంత్రాలు ఆ నూనె ఆమె మోకాళ్ళకు నేనే రాసేదాన్ని. అవి మళ్ళీ ఎప్పుడూ సాపు కాలేదు. ఆమె అరుగు మీద కూర్చుంటే, నా బిడ్డ వాటిని పట్టుకునే మొదటిసారి లేచి నిలబడింది.