కుసుమ కొండ ఎక్కబోయి ఎదురుకొండ ఎక్కిన వైనం

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్కటే. దారి అడగలేదు. అడగమని చెప్పినవాళ్ళున్నారు, చెప్పడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళున్నారు, అడగడానికి నాకో నోరూ ఉంది. ఆ నోటిని ఆ ఉదయమంతా వేరే పనులకి వాడుకున్నాను. ఫలితంగా శ్రీలంక కొండల్లో నన్ను నమ్ముకున్నవాళ్ళు జలగలతోనూ వానతోనూ పోరాడి, ఒక ఇనప స్తంభం దగ్గర తేలారు. అక్కడిదాకా మీరు హాయిగా నవ్వుకోవచ్చు. కానీ ఆ నమ్ముకున్నవాళ్ళలో రమణమ్మక్క ఉంది. ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు. చెవులు వేడెక్కుతాయి.

నా పేరు సూరిబాబు. కోనసీమవాణ్ణి. కువైట్‌లో, అహ్మదిలో, ఒక కాంట్రాక్టు కంపెనీలో వాల్వులూ మీటర్లూ చూసుకునే టెక్నీషియన్ని. మా ఊళ్ళో అన్నిటికంటే ఎత్తయిన చోటు కాలవగట్టు. కువైట్‌లో నేనెక్కిన అతి ఎత్తయిన చోటు మేముండే బిల్డింగు డాబా. ఇలాంటి మనిషి కొండలకి లీడరెలా అయ్యాడని మీకు అనుమానం రావచ్చు. కబ్ద్ వల్ల అయ్యాడు.

కబ్ద్ అంటే ఎడారిలో తోటలూ పశువుల కొట్టాలూ ఉండే ప్రాంతం. అక్కడ ఒక తోటలో ఓబులేసు పనిచేస్తాడు. రైల్వే కోడూరు దగ్గరివాడు, నాకంటే చిన్నవాడు. శుక్రవారాల్లో నేనూ, నా గదిలో ఉండే సత్తిబాబూ నాటుకోడి కోసం అక్కడికి పోతుంటాం. దారికి బోర్డులుండవు. ఓబులేసు చెప్పే గుర్తు ఒక్కటే: "ఫోన్ టవర్ కనపడతాది గదన్నా, దాన్ని ముక్కుకి ఎదురుగా పెట్టుకోని వచ్చెయ్." ఒక శుక్రవారం మా కారు ఇసకలో దిగబడింది. నేను టవర్ని ముక్కుకి ఎదురుగా పెట్టుకుని నడిచి, వెనకే సత్తిబాబుని నడిపించి, సరిగ్గా తోట గేటు ముందు తేల్చాను. ఓబులేసు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. "నువ్వు మనిషివి కాదన్నా, జీపీయస్సువి!" అన్నాడు.

ఆ మాట నా తలకి బాగా ఎక్కింది. నేను జీవితంలో ఎక్కిన అతి ఎత్తు బహుశా ఆ పొగడ్తే.

ఇక రమణమ్మక్క. ఓబులేసుకి సొంత అక్క. ఎగైలాలో ఒక కువైటీ ఇంట్లో వంటా పిల్లల పనీ చూసుకుంటుంది. ఆ వంటింట్లోనే ఆమెతోపాటు ఏళ్ళ తరబడి పనిచేసిన శ్రీలంకావిడ కుసుమ. ఈవిడకి సింహళం రాదు, ఆవిడకి తెలుగు రాదు. ఇద్దరూ ఇంటి యజమానురాలు, అంటే వాళ్ళ మామా, కసురుతుంటే నేర్చుకున్న వంటింటి అరబ్బీలోనే మాట్లాడుకున్నారు, పోట్లాడుకున్నారు, జ్వరాలొస్తే ఒకరికొకరు గంజి కాచుకున్నారు. తర్వాత కుసుమ కొలువు ఖలాస్ చేసుకుని తన దేశం వెళ్ళిపోయి, వాళ్ళ కొండమీద జలపాతం పక్కన చిన్న టీకొట్టు పెట్టుకుంది. ఫోన్ చేసినప్పుడల్లా "ఎప్పుడొస్తావు?" అనే ప్రశ్నే.

ఆ ఏడు రంజాన్ పండక్కి మామా కుటుంబంతో విదేశం పోతూ, తన దగ్గరున్న పాస్‌పోర్టు రమణమ్మక్క చేతిలో పెట్టింది. "వెళ్ళి కుసుమని చూసి రా" అంది. కబ్ద్ తోటలో కోడికూర తింటూ అక్క ఆ సంగతి మాతో చెప్పినప్పుడు ఆమె మొహం చూడాలి.

"ఒక్కసారి ఆయమ్మ మొగం చూసి రావల్ల తమ్ముడూ. ఇంగ నాకు ఇట్లాంటి సెలవు యాడ దొరుకుతాది?"

"నేనూ వస్తానక్కా" అన్నాడు ఓబులేసు.

"ఆయ్, నేనూ వస్తానండి. కొండలు చూసి ఎన్నాళ్ళయిందో" అన్నాడు సత్తిబాబు. "మరి దారి చూపించేదెవరు?"

అందరి చూపులూ నామీద పడ్డాయి. పడేలా నేనే కొంచెం ముందుకి వంగాను.

"కొండలు నాకు కొట్టినపిండి. పాపికొండలు తిరిగొచ్చినవాణ్ణి" అన్నాను.

ఇది అబద్ధం కాదు. లాంచీలో తిరిగొచ్చాను. కొండలొచ్చినప్పుడు నేను కింద వంటగది దగ్గర బజ్జీల వరసలో ఉన్నాను. ఆ వివరం ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ప్రయాణానికి సామాన్లు కూడా నేనే సర్దించాను. కువైట్ ఎడారికి పోయేవాడు ఏం పట్టుకెళతాడో అవన్నీ: నల్లకళ్ళద్దాలు, తలకి చుట్టుకునే షెమాగ్, ఎండకి రాసుకునే క్రీము, అన్నిటికంటే ముఖ్యంగా నీళ్ళు. గొడుగులు తెస్తానన్న అక్కని "బరువక్కా" అని ఆపించాను. ఆమె మాత్రం ఒక చిన్న మూట వదల్లేదు. అందులో కుసుమకి ఇవ్వాల్సినవి ఉన్నాయి.

మొదటి రెండు రోజులూ బీచీ, బజారూ చూపించి వ్యాను డ్రైవరు మమ్మల్ని కొండల్లోకి తెచ్చాడు. ఆఖరి రోజు పొద్దున ఒక తేయాకు తోట కింద దింపి, "మధ్యాహ్నానికి రండి. ఆలస్యమైతే మీ విమానం పోతుంది" అని ఇంగ్లీషులో, వేళ్ళతో, గడియారంతో చెప్పాడు. అక్కడొక టీ అంగడి. అంగట్లో ఒక పెద్దావిడ.

"తమ్ముడూ, కింద అంగట్లో తన పేరు చెప్తే ఎవురైనా దోవ చూపిస్తారని కుసుమ చెప్పింది. అడుగుదాం" అంది అక్క.

"ఎందుకక్కా? అదిగో కొండ!"

నిజంగానే ఎదురుగా, కాస్త కుడిపక్కగా, ఒక కొండ ఉంది. దానిమీద ఎర్రా తెలుపూ రంగుల్లో ఫోన్ టవర్. చుట్టుపక్కలంతా మబ్బు.

"ఒరేయ్, ఆ మబ్బు వెనకాల కూడా ఏవో కొండలున్నట్టున్నాయిరా" అన్నాడు సత్తిబాబు.

"ఉంటే కనపడాలిగా!"

చదివేవారు దయచేసి గమనించండి. ఇది కువైట్ బుర్ర. అక్కడ ఉన్నది ఉన్నట్టు ఊరవతలి నుంచే కనపడుతుంది. కొండ ఇంకో కొండ వెనక దాక్కుంటుందనీ, మబ్బు కప్పుకుని పడుకుంటుందనీ మాకెవరు చెప్పారు?

పైగా నా దగ్గర సాంకేతిక కారణం కూడా ఉంది. "కుసుమ మీకు వారం వారం వీడియో కాల్ చేస్తుందా లేదా?"

"చేస్తాది."

"బొమ్మ స్పష్టంగా ఉంటుందా?"

"అద్దం మాదిరి ఉంటాది."

"సిగ్నల్ అంత బాగా ఎవరికొస్తుంది? టవర్ పక్కనున్నవాళ్ళకి. అంతే! యల్లా, పదండి."

"అబ్బ, ఏం తెలివన్నా నీది!" అన్నాడు ఓబులేసు. ఆ పిల్లాడి పాపం ఏమీ లేదు. నన్ను నమ్మాడు.

మేం కుడివైపుకి బయల్దేరగానే అంగట్లో పెద్దావిడ బయటికొచ్చి ఏదో అరుస్తూ చెయ్యి ఊపింది. "చూశారా, ఎంత మర్యాదస్తులో! టాటా చెబుతోంది" అని నేనూ ఊపాను. ఆవిడ ఇంకా గట్టిగా, రెండు చేతులతోనూ ఎడమవైపుకి ఊపింది. నేనూ రెండు చేతులతో ఊపాను.

తేయాకు మొక్కల మధ్య నడక బాగానే సాగింది. తర్వాత అడవి మొదలైంది. టవర్ ముక్కుకి ఎదురుగానే ఉంది గానీ, ముక్కుకీ టవర్‌కీ మధ్య చెట్లూ బండలూ వాగులూ ఉన్నాయి. ఎడారిలో ఎటు నడిచినా దారే. ఇక్కడ ఎటు నడిచినా ముళ్ళే. రెండడుగులకో వాగు గలగలమంటుంటే, ఓబులేసు పెద్ద నీళ్ళ క్యాను భుజాన మోస్తూ వాటిని దాటుతున్నాడు.

"అన్నా, ఏట్లో నిలబడి నీళ్ళు మోస్తాండా. ఇంకా మొయ్యల్లనా?"

"నీళ్ళు పారబొయ్యకూడదు ఓబులేసూ. దారిలో ఏమవుతుందో ఎవరికి తెలుసు!"

ఏమైందంటే వానొచ్చింది. నల్లకళ్ళద్దాలు, షెమాగ్, ఎండ క్రీము, అన్నీ కలిసి నా మొహంమీద సున్నంలా కారాయి.

వాన వెనకే జలగలు. సత్తిబాబు ఒక్క కేక పెట్టి బండమీదకి దూకాడు. "ఇవేంటండి బాబూ! మన కాలవల్లో జలగలు బుద్ధిగా నీళ్ళలో ఉంటాయి. ఇవి ఆకులమీద నిలబడి చేతులు చాపుతున్నాయి!"

"భయపడకు, చిన్నవేగా."

"చిన్నవే! నీ చెవి వెనకున్నది మాత్రం చిన్నది కాదురా."

తర్వాత కాసేపు ఆ అడవిలో నేను చేసిన నాట్యం గురించి రాయను. నాకూ కాస్త పరువుంది.

రమణమ్మక్క మాత్రం చీర కుచ్చిళ్ళు ఎగదోపి, మూట గుండెకి హత్తుకుని, వాన తగలకుండా వంగి నడిచింది. మధ్యమధ్య అడిగేది ఒకటే: "వచ్చేసినామా తమ్ముడూ?"

"వచ్చేశామక్కా."

చివరికి వచ్చేశాం. కంచె, కంచె లోపల టవర్, తాళం వేసిన రేకుల గది. టీకొట్టు లేదు. జలపాతం లేదు. కుసుమ లేదు. ఒక మేక మావైపు ఆశ్చర్యంగా చూసింది.

"వ్యూ బాగుంది కదా" అన్నాను.

"ఒరేయ్, నోరు ముయ్యి" అన్నాడు సత్తిబాబు.

అప్పుడు మబ్బు విడిపోయింది. ఎదురుగా, లోతైన లోయకి అవతల, ఇంకో కొండ. దానిమీద తెల్లగా జలపాతం, పక్కన నీలం రేకుల పాక, పాక ముందు ఎర్ర గొడుగు పట్టుకుని అటూ ఇటూ చూస్తున్న ఒక మనిషి, వేలెడంత.

అక్క ఫోన్ తీసింది. సిగ్నల్ నిండుగా ఉంది. ఉండదా మరి, టవర్ కిందే ఉన్నాం.

"కుసుమా! వేన్ ఇంతీ?" అంది, ఎక్కడున్నావని.

"కొట్టు దగ్గరే ఉన్నా. నువ్వు వేన్ ఇంతీ?" అంది అవతలి గొంతు అరబ్బీలో.

"షూఫీ, టవర్ చూడు! టవర్ కింద!"

ఎర్ర గొడుగు ఇటు తిరిగింది. ఒక క్షణం కదల్లేదు. తర్వాత పిచ్చెత్తినట్టు ఊగింది. "తాలీ! తాలీ!" రమ్మని పిలుపు. ఫోన్లో వినపడింది, లోయలోంచి కూడా సన్నగా వినపడింది. అక్క తన పైటకొంగు తీసి ఊపింది. "పాలతో అన్నం వండినా, నీకోసం మూత పెట్టినా" అని కుసుమ చెబుతోంది. దిగి మళ్ళీ ఎక్కాలంటే సాయంత్రం అవుతుంది. వ్యాను అప్పటికే మాకోసం హారన్ కొడుతూ ఉంటుంది.

అక్క బండమీద కూర్చుని మూట విప్పింది. ఒక్కొక్కటీ పైకెత్తి లోయ అవతలికి చూపించింది. "ఇది మామా ధూపం, నీకిష్టమని ఇచ్చింది. ఇది యాలక్కాయ. ఇది మనం పెంచిన చిన్నపిల్ల ఫోటో, ఎంత పెద్దదయిందో చూడు." వేలెడంత మనిషికి అంత దూరం నుంచి ఏం కనపడుతుంది? అయినా ప్రతిదానికీ ఎర్ర గొడుగు ఊగింది.

అన్నీ చూపించి, మళ్ళీ మూట కట్టి, నావైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

"పోదాం పా తమ్ముడూ. విమానం పోతాది" అంది. అంతే.

దిగేటప్పుడు నీళ్ళ క్యాను నేనే మోశాను. ఎవరూ మొయ్యమనలేదు, పారబొయ్యమనీ అనలేదు.

కువైట్ తిరిగొచ్చాక కొన్నాళ్ళు కబ్ద్ పోలేదు. నాటుకోడి కూడా నన్ను చూసి మొహం తిప్పుకుంటుందనిపించింది. చివరికి ఒక శుక్రవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎగైలాలో మామా ఇంటి గుమ్మం ముందు నిలబడ్డాను. నాకొచ్చిన అరబ్బీ వాల్వులు తిప్పడానికి పనికొస్తుంది గానీ క్షమాపణలకి చాలదు. చాలినంతలో మామాకి చెప్పాను: తప్పు రమణమ్మక్కది కాదు, కుసుమది కాదు, కొండది కాదు, నాది; ఆమెకి ఇంకొక్కసారి సెలవివ్వండి.

మామా నన్ను పైనుంచి కిందికి చూసింది. "అంత దూరం పోయి ఒక్క మనిషిని అడగలేకపోయావా?"

"అడగలేదు మామా."

"ఎందుకు?"

నేను ఇస్త్రీ చొక్కా సర్దుకున్నాను. మామా తలుపు వేసేసింది. అయిపోయిందనుకుని వెనక్కి తిరిగాను. తలుపు మళ్ళీ తెరుచుకుంది.

"సెలవిస్తాను. నువ్వు కూడా పో. కానీ అందరికంటే వెనక నడువు."

ఊరికి పోవడానికి దాచుకున్న నా సెలవు దానికే వాడాను. ఈసారి కింద అంగట్లో పెద్దావిడని అడిగాను. తేయాకు కోసేవాళ్ళని అడిగాను. బడికి పోయే పిల్లల్ని అడిగాను. ఒకే మలుపు దగ్గర ముగ్గుర్ని అడిగితే, వాళ్ళు నన్ను పోలీసనుకుని తప్పుకున్నారు. అక్కా, ఓబులేసూ, సత్తిబాబూ ముందు, మూట నెత్తిన పెట్టుకుని నేను వెనక.

నేను పైకి చేరేసరికి ఇద్దరాడవాళ్ళూ ఒకర్నొకరు పట్టుకుని, అరబ్బీలో తిట్టుకుంటూ ఏడుస్తున్నారు. నేను మూట దించి జలపాతం వైపు తిరిగి నిలబడ్డాను.

కాసేపటికి కుసుమ అరిటాకుల్లో పాలన్నం పెట్టింది. అక్కకి, ఓబులేసుకి, సత్తిబాబుకి. నా దగ్గరికొచ్చి ఆగింది. "ఇతనేనా?" అని అక్కని అడిగింది. అక్క తలూపింది. కుసుమ నవ్వకుండా లోయ అవతలి టవర్ వైపు వేలు చూపించింది.

"నీ అన్నం అక్కడ పెట్టాను."

ఆ నవ్వులకి జలపాతం చప్పుడు వినపడలేదు. అందరికంటే ఎక్కువ నవ్వింది రమణమ్మక్క. ఆ నవ్వు కోసం ఇంకో రెండు టవర్లెక్కమన్నా ఎక్కేవాణ్ణి. అన్నం చివరికి నాకూ పెట్టారు.

కాబట్టి నేను వంట్లో మిగిలిన రక్తం సాక్షిగా, దాన్ని తాగిన జలగల సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట తెలిసిన దారైనా సరే, అడగనిదే అడుగు వెయ్యను.

మాట తప్పలేదు కూడా. మొన్న శుక్రవారం కబ్ద్ పోతూ, టవర్ కళ్ళెదుట కనపడుతున్నా కారాపి, అద్దం దించి, ఒంటెల్ని తోలుకుపోతున్న ఒకాయన్ని ఓబులేసు తోటకి దారేదని అడిగాను. పక్క సీట్లో సత్తిబాబు తల పట్టుకున్నాడు.

ఆయన నన్ను జాలిగా చూసి, చెయ్యి చాపి చెప్పాడు: "ఆ టవర్ని చూసుకుంటూ తిన్నగా వెళ్ళు."

నేను ఇంకొకర్ని కూడా అడిగాను.