కట్టెను అడిగినవాడు

కట్టెను గుండ్రంగా తిప్పుతూ చెక్కే తరిమెన పని నాతోపాటే మొదలుపెట్టిన ఆళ్లగడ్డ స్నేహితుడు, ఏ పనిముట్టు కొనాలన్నా ముందు కట్టెను అడగాలనేవాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడు, కట్టెను పట్టి తిప్పే చక్‌లు కొనడానికి ఇద్దరం నంద్యాల పోయాం. మంచంకోడుకని కోసిన చదరపు మొద్దును అతడు భుజాన వేసుకొచ్చాడు.

"ఏందప్పా, పొయ్యిలోకా?" అన్నాడు అంగడాయన.

"పట్టాల్సింది దీన్నే గదన్నా. దీన్నే అడగాల."

నేను మెరిసే మూడు దవడల చక్ కొన్నాను. అతడు మొద్దును బిగించి చూసి, మసిబారిన నాలుగు దవడలది తీసుకున్నాడు. నాదాంట్లో చదరపు కట్టె నిలవలేదు. మంచంకోళ్ల పనంతా అతని దగ్గరికే పోయింది. ఓర్వలేక, అతన్ని నాలుగు దవడలది కొనమన్నది నేనేనని ఊరంతా చెప్పుకున్నాను. ఒకాయన నా ముందరే అతన్ని, అది నిజమేనా అని అడిగాడు.

అతడు నా ముఖం చూసి, "అవు, ఈ అన్నే చెప్పినాడు" అన్నాడు.

నేను కొనమని చెప్పనే లేదు. ఆ మాట అంత తేలిగ్గా అనగలిగాడని ఇప్పటికీ అతని మీద అసూయే.