తాంబూలం పుచ్చుకున్నాక

దేశదేశాల వర్తకుల తగాదాలనే బతుకుతెరువు చేసుకున్న మనిషి ఒకడుంటాడని, పెనుకొండ ట్రావెలర్స్ బంగళాలో ఆ తెల్ల వకీలును చూసేదాకా నాకు తెలియదు. కోర్టు మెట్లెక్కడట. ఒక రేవులో తేయాకు తగవు, ఇంకో రేవులో జనపనార తగవు, హోటళ్ళలో కూర్చునే వాదిస్తాడట. తాను ఓడింది చాలా తక్కువని తానే చెప్పుకున్నాడు. గొప్పలు చెప్పుకోవడానికి ఏ దేశమైతేనేం!

అరవైల మొదట్లో సంగతి. ధర్మవరంలో మా నాయనకు పట్టు మగ్గాలుండేవి. ఒక విదేశీ కంపెనీ మా దగ్గర పట్టుగుడ్డ కొని, ఓడ దిగాక రంగు పోయిందని నష్టం కట్టమంది. ఓడలో ఉప్పునీళ్ళు తగిలాయని నాయన వాదన. కాగితంలో రాసుకున్న ప్రకారం కోర్టు కాకుండా మధ్యవర్తి తేల్చాలి. ఆయన మద్రాసులో పదవి దిగిన జడ్జి. కంపెనీ తరఫున ఈ తెల్ల వకీలు. మాకు వకీలు లేడు. "మన సరుకే మనకు సాక్షి" అన్నాడు నాయన. ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది హిందూపురంలో చదువుకున్న నాకొక్కదానికే గనుక, విచారణ పెట్టిన పెనుకొండ బంగళాకు నన్ను వెంటబెట్టుకుపోయాడు. ఓడితే మగ్గాలు అమ్ముకోవలసిందేనని మా ఇద్దరికీ తెలుసు.

మొదటి రోజంతా వకీలు మాటలే. మర్నాడు మా వంతు. అదే నేతలో మిగిలిన గుడ్డ పట్టుకుని మా రంగులద్దే ఆయన రావాలి, మధ్యవర్తి ఎదుటే నీళ్ళలో ముంచి చూపాలి. సాయంత్రం అందరూ లేస్తుండగా వకీలు నాయన దగ్గరికొచ్చి, వంగి, తాంబూలం అందించాడు. ఇక్కడి పెద్దలకు ఏమిస్తే మర్యాదని బంగళా వాచ్‌మన్‌ను అడిగి తెప్పించాడట. నాయన కళ్ళకద్దుకుని పుచ్చుకున్నాడు. ఆయన ముఖం తేటపడటం చూడగానే, ఆయన ఏమనుకున్నాడో నాకు తెలిసిపోయింది.

మా మగ్గాలవాళ్ళలో పంచాయతీ నడుస్తుండగా ఎదుటి పక్షం తాంబూలమిస్తే తగవు అక్కడితో సరి. పుచ్చుకున్నవాడు మళ్ళీ ఆ మాటెత్తకూడదు.

రైలు కోసం కూర్చున్నప్పుడు చెప్పాను. "నాయనా, ఆయన ఉత్త మర్యాదకిచ్చినాడు. రేపు మనం రావల్ల."

"నీకు ఇంగ్లీషు వచ్చు గానీ పెద్దరికం తెలీదమ్మా. తాంబూలం చేతికిచ్చినంక ఇంక తగవు యాడుండాది?"

"వాళ్ళ దేశంలో ఈ పద్ధతి లేదు నాయనా."

"ఈడికొచ్చి, ఈడి ఆకే ఇచ్చినాడు కదా. రేపు సాక్షిని పిల్చుకొనిపోతే ఆయప్ప మొగం ఎట్ల చూడల్ల?"

ఏడ్చాను, అరిచాను. నాయన నేరుగా రంగులద్దే ఆయన ఇంటికి పోయి రాజీ అయిందని చెప్పి వచ్చాడు. నేనొక్కదాన్నే పోతానన్నా పంపలేదు. మర్నాడు మావాళ్ళెవరూ పోలేదు.

తీర్పు ఇంగ్లీషులో వచ్చింది. నేనే చదివి తెలుగులో చెప్పాను. చెప్పుకోవడానికి ఏమీ లేకనే అవతలివాళ్ళు రాలేదని వకీలు వాదించాడట, మధ్యవర్తి సరేనన్నాడట. అంతా విని నాయన ఒక్కటే అడిగాడు. "తాంబూలం సంగతి రాసినారా?"

లేదన్నాను.

మగ్గాలు ఒకటొకటిగా పోయాయి. ఆ మిగిలిన గుడ్డను కసికొద్దీ బిందెలో ముంచి రాత్రంతా వదిలేశాను. పొద్దున నీళ్ళు పోసినవి పోసినట్టే తేటగా ఉన్నాయి. ఆ వకీలు తెలిసి చేశాడా, తెలియక చేశాడా అని చాలా ఏళ్ళు కొట్టుకున్నాను. తెలియక చేసినా, మర్నాడు ఖాళీ కుర్చీలు చూసి ఈ ముసలాయన ఎందుకు రాలేదని అడగవచ్చు కదా? అడగలేదు. గెలిచేవాడికి ఆ అవసరమేముంది! ఆ మనిషిని నేను ఇప్పటికీ క్షమించలేదు.

తర్వాతి ఏడు నాకు హిందూపురం సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు తండ్రికి బెల్లం మండీ. చుట్టాలందరి ముందు ఆయన నవ్వుతూ తాంబూలం పళ్ళెం చాపాడు. నాయన చేతులు ఒళ్ళోనుంచి కదలలేదు. అందరూ చూస్తున్నారు. నాయన మెల్లగా నావైపు తిరిగాడు.

"ఈయప్ప ఏమనుకొని ఇస్తాండాడో అడుగమ్మా."