మూఢం వెళ్ళాక చేయిద్దామన్నది నేనే

నిన్న పొద్దున్న కడియంలో మా నర్సరీ దగ్గర లారీకి మొక్కలు ఎక్కిస్తుంటే పద్మ ఫోన్ చేసింది.

"కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే ఒరిగిపోయారన్నయ్యా. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే అయిపోయింది."

"ఎవరమ్మా?" అన్నాను.

ఫోన్ చేసింది సత్తిబాబు భార్య. ఇంకెవరు పోతారు? అయినా అడిగాను.

మీలో చాలామందికి వాడు రాజమండ్రి కాలేజీ ఫిజిక్స్ మాస్టారు. నాకు ఒకటో క్లాసు నుంచి ఒకే బెంచీ.

పొద్దున్నుంచి మెసేజ్‌లు చూస్తున్నాను. "దేవుడు మంచివాళ్ళనే తొందరగా తీసుకుపోతాడు" అని ఎవరో పెట్టారు. వాడు బతికుంటే కింద కామెంట్ పెట్టేవాడు, "మరి నువ్వింకా ఇక్కడే ఉన్నావేంటిరా?" అని.

వాడికి దేవుడితో పేచీ లేదు. నాతోనే.

నేను మామిడి అంటు కట్టిన ప్రతిసారీ ఒక దణ్ణం పెట్టుకుంటాను. మా నాన్న నుంచి వచ్చిన అలవాటు. వాడు పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చూసేవాడు.

"దణ్ణం పెట్టకపోతే అంటు అతుక్కోదేంట్రా?"

"అతుక్కుంటుంది. నాకే మనసొప్పదు."

"అయితే ఆ దణ్ణం నీకు. చెట్టుకి కాదు" అని నవ్వేవాడు.

అన్నవరం మాత్రం ఎప్పుడు పిలిచినా వచ్చేవాడు. వ్రతం జరుగుతుంటే బయట గాలికి కూర్చుని, ప్రసాదం రెండు పొట్లాలు లాగించేవాడు. ప్రసాదం విషయంలో తనకి ఏ అభ్యంతరమూ లేదనేవాడు.

ఒకసారి మూఢమని మా అమ్మాయి నిశ్చితార్థం వాయిదా వేశాను. ఆ సాయంత్రం నన్ను ఏటిగట్టు మీదకి లాక్కెళ్ళి ఆకాశం చూపించాడు.

"మూఢం అంటే ఏంటో తెలుసా? శుక్రుడు సూర్యుడికి దగ్గరగా జరిగి, ఆ వెలుగులో మనకి కనపడడు. అంతే. పంచాంగం రాసినోళ్ళు లెక్క భలే కట్టారురా, తప్పు పట్టలేం. కానీ ఆ శుక్రుడికి మీ అమ్మాయెవరో తెలీదు."

ఆ మనిషికి కిందటి నెల గుండెలో నొప్పి వచ్చింది. యాంజియోగ్రామ్ తీశారు. మూడు బ్లాకులు. బైపాస్ వారంలోగా చేయించుకోవాలి, లేట్ చెయ్యొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

పద్మ క్యాలెండర్ చూసింది. శుక్ర మూఢం. వెళ్ళడానికి ఇంకా నెల్లాళ్ళు.

"మూఢంలో గుండె కోయించుకోవడమేంటన్నయ్యా? నా మాట వినరు. మీరొచ్చి చెప్పండి."

వెళ్ళాను. తగుదునమ్మా అని వెళ్ళాను.

"నెల్లాళ్ళేగా. మందులు వాడుతున్నావుగా. మూఢం వెళ్ళిన మర్నాడే చేయిద్దాం" అన్నాను. గంటసేపు క్లాసు పీకుతాడని సిద్ధపడే వెళ్ళాను.

"సరేలేరా. అందరూ అంటున్నారుగా" అన్నాడు.

ఒక్క ప్రశ్న లేదు. ఒక్క వెటకారం లేదు. సంతోషంతో చెయ్యి పట్టుకున్నాను. అరచెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది.

చూశాను. చూసి కూడా వదిలేశాను.

చిన్నప్పుడు బళ్ళోకి టీకాలు వేసేవాళ్ళొస్తే కిటికీ దూకి పారిపోయింది వీడే. మాస్టారికి కత్తన్నా సూదన్నా ప్రాణం పోతుందని వాడి స్టూడెంట్లకి తెలియదు. నాకు తెలుసు. "భయంగా ఉందిరా" అని చెప్పుకోవడానికి వాడికి మొహమాటం. తప్పించుకోవడానికి ఒక సాకు కావాలి. మూఢం పేరు చెప్పి ఆ సాకు చేతికిచ్చింది నేను.

భయపడుతున్నావా అని అడిగుంటే చాలు. నేను పక్కన ఉంటాను పదరా అని ఉంటే చాలు. ఇంటికొచ్చి మా ఆవిడతో ఏమన్నానో తెలుసా? "సైన్స్ మాస్టారు దారికొచ్చాడే" అన్నాను.

ఇన్నేళ్ళ వాదనలో గెలిచానని ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఆ ఆదివారం అన్నవరం వెళ్ళి వాడి పేరున అర్చన చేయించి ప్రసాదం తెచ్చిచ్చాను. ఒక పొట్లం కూడా పూర్తిగా తినలేదు.

నిన్న వాళ్ళింటికి మా పంతులుగారు వచ్చారు. గేటు దగ్గరే నిలబడి ఎలా జరిగిందని అడిగారు. అంతా చెప్పాను.

"పెళ్ళికి చూస్తామండి మూఢం. గృహప్రవేశానికి చూస్తామండి. రోగానికీ మందుకీ చూడమని ఎవరు చెప్పారండి మీకు? ఒక్క ముక్క నన్నడగాల్సింది కదండీ."

అడగలేదు. డాక్టరు చెప్పింది వినలేదు, పంతుల్ని అడగలేదు. అడిగుంటే ఇద్దరూ ఒకటే మాట చెప్పేవారు.

మన క్లాస్‌మేట్స్ గ్రూపులో అప్పుడే గొడవ మొదలైంది. మూఢనమ్మకం చంపిందని కొందరు, తలరాత అని కొందరు. ఆపండర్రా. చితి ఆరకముందే వాణ్ణి మీ జెండాలకి కట్టకండి. తిట్టాలనిపిస్తే నన్ను తిట్టండి, పేరు పెట్టి తిట్టండి.

పద్మని మాత్రం ఎవరూ ఏమీ అనొద్దు. భయపడి నన్ను నమ్మింది, అంతే.

నిన్న సాయంత్రమే కోటిలింగాల రేవులో అంతా అయిపోయింది. దానికి మూఢం ఎవరూ చూడలేదు.

పదకొండో రోజు పెద్దకార్యం. ఇంటికొచ్చి క్యాలెండర్ చూశాను. ఆపరేషన్‌కి మేం పెట్టుకున్న రోజే అది. నేనే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెట్టాను.

అప్పటికి శుక్రుడు పడమట మళ్ళీ కనపడతాడు. ఈసారి చూపించడానికి నువ్వుండవు. ఒక్కణ్ణే గట్టు మీదకి వెళ్ళి చూస్తానులే.

వెళ్ళిరా సత్తిబాబూ. అక్కడ సూదుల్లేవు, కత్తుల్లేవు, నేనూ లేను. ఇకనైనా భయం లేకుండా పడుకో.